వేగం పెంచినా ఎందుకు కలవదు? చిక్కటి ద్రవాల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జిగురులా సాగేవి, ముద్దలా కూర్చునేవి, గరిట పెడితే పల్చబడి తీస్తే గట్టిపడేవి: ఇలాంటి ద్రవాలను కలపడం గురించీ, వాటికి వేడి ఎక్కించడం గురించీ, వాటిలోంచి వేడి లాగడం గురించీ వచ్చిన ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. ఒకే రకం ప్రశ్నలను ఒకటిగా కలిపాం.

ప్రశ్న: వెయ్యి లీటర్ల జాకెట్ ట్యాంకులో (వేడి లేదా చల్లటి నీరు పారే రెండో గోడ చుట్టూ ఉన్నది) పాలిమర్ ద్రావణాన్ని వేడి చేస్తున్నాం. గోడ వెంట తిరిగే లంగరు ఆకారపు యాంకర్ బ్లేడు 20 ఆర్‌పీఎం (నిమిషానికి 20 చుట్లు) మీద తిరుగుతుంది. రెండు గంటలైనా గోడ దగ్గర 70 డిగ్రీలు, నడుమ 40 డిగ్రీలే. 40 ఆర్‌పీఎంకి పెంచి చూశాం, తేడా పెద్దగా తగ్గలేదు, మోటారు మాత్రం కరెంటు ఎక్కువ లాగుతోంది. లోపం ఎక్కడ?
(ఒక ప్లాంటు ఇంజినీరు)

జవాబు: లోపం వేగంలో లేదు, బ్లేడు గీసే దారిలో ఉంది. ముందు రెనాల్డ్స్ సంఖ్య, అంటే ద్రవం చిక్కదనంతో పోలిస్తే జడత్వం ఎంతో చెప్పే అంకె, వేయండి: సాంద్రతను సెకనుకు తిరిగే చుట్లతోనూ, బ్లేడు వ్యాసం వర్గంతోనూ గుణించి స్నిగ్ధతతో, అంటే చిక్కదనపు కొలతతో, భాగించాలి. వ్యాసం సుమారు ఒక మీటరు, స్నిగ్ధత 30 పాస్కల్-సెకన్లు అనుకుంటే 20 ఆర్‌పీఎం దగ్గర వచ్చేది 11. వేగం రెట్టింపు చేస్తే, మీ ద్రావణం షియర్‌కి (పొరలు ఒకదాని మీద ఒకటి జారే కదలికకి) పల్చబడే రకం కాబట్టి, 30 దాకా పోతుందేమో. నీళ్లలో మనం చూసే సుడుల గందరగోళం, అంటే టర్బులెన్స్, ట్యాంకుల్లో పూర్తిగా రావాలంటే అది 10,000 దాటాలి. ఆ వైపు వెళ్లే దారి మీకు లేదు. ఆశపడి మోటారు మార్చవద్దు.

టర్బులెన్స్ లేనప్పుడు ద్రవం పొరలు పొరలుగా జారుతుంది. యాంకర్ ఆ పొరలన్నిటినీ గుండ్రంగా తిప్పుతుంది, అంతే. గోడ పక్కనున్న చుక్క గోడ పక్కనే చుట్లు కొడుతుంది, నడుమ చుక్క నడుమే తిరుగుతుంది. పై నుంచి కిందికి కదలిక దాదాపు ఉండదు. అంటే గోడ నుంచి నడుమకి వేడి చేరేది వహనం వల్లనే, అంటే ద్రవం కదలకుండా వేడి ఒక్కటే పాకడం వల్లనే. ఇలాంటి ద్రవాల్లో వేడి ఒక మిల్లీమీటరు పాకడానికి సుమారు 10 సెకన్లు పడుతుంది. ఒక సెంటీమీటరుకి 17 నిమిషాలు, 10 సెంటీమీటర్లకి 28 గంటలు. దూరం పది రెట్లయితే కాలం వంద రెట్లు. ఆ లెక్కన మీ ట్యాంకు అర్ధ మీటరు వ్యాసార్ధం దాటడానికి దాదాపు నెల కావాలి. రెండు గంటల్లో నడుమ 40 డిగ్రీలకైనా చేరిందంటే, ఎక్కడో కొంచెం అడ్డదిడ్డంగా కదిలిందనే.

కలపడం అంటే ఈ దూరాన్ని చంపడం. వేడి ద్రవం, చల్లటి ద్రవం పక్కపక్కన పలచటి రేకుల్లా పరుచుకుంటే మిగతా పని వహనం క్షణాల్లో చేసేస్తుంది. ఆ రేకులు ఎలా పలచబడతాయన్నదే అసలు సంగతి. ఒకే తీరున గుండ్రంగా తిప్పితే రేకు మందం చుట్ల సంఖ్యకి అనుపాతంలో మాత్రమే తగ్గుతుంది: పది చుట్లకి పదో వంతు, వంద చుట్లకి నూరో వంతు. అదే ద్రవాన్ని సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి మడిచి పోతుంటే, ప్రతిసారీ మందం సగమవుతుంది. పది మడతల్లో 10 సెంటీమీటర్ల ముద్ద 0.1 మిల్లీమీటరు రేకులవుతుంది. గుడ్డను పదిసార్లు మడిస్తే 1,024 పొరలు వచ్చినట్టు.

ఈ సాగదీత, మడత టర్బులెన్స్ లేకుండానే, నిదానంగా పారే ద్రవంలోనే సాధ్యమని 1984లో ద్రవ ప్రవాహ శాస్త్రవేత్త హసన్ ఆరెఫ్ చూపించారు. రెండు సుడులను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఆర్పుతున్నట్టు మార్చి మార్చి నడిపితే చాలు. ఏ క్షణంలో చూసినా ప్రవాహం సాదాసీదాగానే ఉంటుంది. కానీ పక్కపక్కనే బయలుదేరిన రెండు చుక్కలు కొద్దిసేపట్లోనే ఎక్కడెక్కడికో విడిపోతాయి. దీన్నే కెయాటిక్ మిక్సింగ్ అంటారు. ప్రవాహపు దారులు ఒకదాన్నొకటి కోసుకునేలా కాలంతోపాటు మారుతుండాలి, లేదా మూడు దిక్కుల్లోనూ మెలి తిరగాలి. ఇది తప్పనిసరి, కానీ ప్రతిసారీ ఇదొక్కటే చాలదు.

మీ ట్యాంకుకి వస్తే, యాంకర్ తీసేసి డబుల్ హెలికల్ రిబ్బన్ (షాఫ్ట్ చుట్టూ మెలి తిరిగిన రెండు పట్టీల బ్లేడు) బిగించడం మొదటి దారి. రిబ్బన్ వ్యాసం ట్యాంకు వ్యాసంలో 0.95 వంతు, ఒక చుట్టు ఎత్తు వ్యాసమంత ఉంటే మంచిది. గోడ వెంట ద్రవాన్ని పైకి ఎత్తి నడుమ కిందికి దించే దిశలో తిప్పండి. అప్పుడు గోడ దగ్గర వేడెక్కినది నడుమకి తప్పక వస్తుంది. స్నిగ్ధత మారని ద్రవంలో ఇది సుమారు 30 నుంచి 60 చుట్లలో ట్యాంకంతా కలుపుతుంది, మీ ద్రావణంలో ఇంకొంత ఎక్కువ పట్టవచ్చు. యాంకర్‌ని మార్చలేకపోతే దాని లోపల, నడిమధ్య కాకుండా పక్కకి జరిపి, రెండో షాఫ్ట్ పెట్టి వేరే వేగంతో తిప్పండి. రెండు వేగాల నిష్పత్తి పూర్ణసంఖ్య కాకుండా చూసుకోండి. 2 రెట్లు అయితే బ్లేడ్లు ప్రతిసారీ ఒకే చోట ఎదురుపడతాయి, 2.3 రెట్లయితే అలా ఎదురుపడవు.

యాంకర్‌ని ముందుకి పది, వెనక్కి పది చుట్లు తిప్పితే సరిపోతుందా అని మరో ఇద్దరు అడిగారు. సరిపోదు. దానివల్ల చెడు కూడా జరగవచ్చు. ఎందుకో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: చిక్కటి ద్రవంలో కలిపిన రంగు వెనక్కి తిప్పితే మళ్లీ విడిపోతుందట. తరగతిలో చూపించాలంటే ఏమేం కావాలి?
(ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని)

జవాబు: దీన్ని భౌతికశాస్త్రవేత్త జి.ఐ. టేలర్ గ్లిజరిన్‌తో చేసి చూపించారు, ఫిల్ముగా కూడా తీశారు. మీ తరగతికి ఇలా చేయండి.

లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లున్న నిలువు గోడల గాజు పాత్ర ఒకటి, బయటి వ్యాసం 60 మిల్లీమీటర్లున్న అడుగు మూసిన గొట్టం ఒకటి తీసుకోండి. పాత్ర మూతిని సరిగ్గా కప్పే చెక్క బిళ్లకి నడుమ రంధ్రం చేసి, గొట్టాన్ని అందులోంచి దించండి. అది ఊగకుండా సరిగ్గా మధ్యలో తిరగాలి. చుట్టూ 10 మిల్లీమీటర్ల సందు, అడుగున ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. 10 సెంటీమీటర్ల ఎత్తుకి దాదాపు 300 మిల్లీలీటర్ల గ్లిజరిన్ పడుతుంది. పోశాక బుడగలు తేలిపోవడానికి ఒక రాత్రి వదిలేయండి, మూత పెట్టి. గ్లిజరిన్ గాలిలో తేమ పీల్చి పల్చబడుతుంది.

రంగును నీళ్లలో కాకుండా అదే గ్లిజరిన్‌లో కలపాలి. 5 మిల్లీలీటర్ల గ్లిజరిన్‌కి చిక్కటి రంగు ఒకటి రెండు చుక్కలు చాలు. నీళ్లు ఎక్కువైతే రంగు తేలికై పైకి లేస్తుంది, అప్పుడు ప్రయోగం పోయినట్టే. పొడవైన సూది ఉన్న సిరంజితో సందు మధ్యలో మూడు చోట్ల మూడు రంగుల నిలువు గీతలు దించండి. గొట్టం మీద, బిళ్ల మీద ఒక్కో గుర్తు పెట్టుకోండి. చుట్టుకి ఐదారు సెకన్ల చొప్పున నాలుగు చుట్లు తిప్పితే గీతలు మాయమై మొత్తం ఒకటే మసక రంగు అవుతుంది. అంతే నిదానంగా నాలుగు చుట్లు వెనక్కి తిప్పండి. గీతలు తిరిగి వస్తాయి, అంచులు కొంచెం మసకగా. ఈ వేగంలో రెనాల్డ్స్ సంఖ్య ఒకటి కంటే తక్కువే ఉంటుంది. జడత్వం ప్రభావం అంత తక్కువైనప్పుడు ద్రవానికి గుర్తుండేది గోడ ఎంత దూరం జరిగిందన్నదే, ఎంత వేగంగా జరిగిందన్నది కాదు. అందుకే ముందుకీ వెనక్కీ సమానంగా తిప్పడం కలపడం కాదు, కలిపినదాన్ని విప్పడం.

ఇక్కడితో ఆపకండి. రెండో భాగం చూపిస్తేనే పిల్లలకి మొత్తం కథ అర్థమవుతుంది. 200 మిల్లీమీటర్ల వెడల్పు పళ్లెంలో 30 మిల్లీమీటర్ల లోతున గ్లిజరిన్ పోయండి, దాదాపు లీటరు పడుతుంది. 20 మిల్లీమీటర్ల మందం కడ్డీలు మూడు వరుసగా నిలబెట్టి, వాటి మధ్యగా రంగు గీత ఒకటి గీయండి. ఎడమ కడ్డీ, నడిమి కడ్డీ సవ్యదిశలో అర చుట్టు తిరిగి చోట్లు మార్చుకోవాలి. తర్వాత కుడి కడ్డీ, ఇప్పుడు నడుమ ఉన్న కడ్డీ అపసవ్యదిశలో మార్చుకోవాలి. అచ్చం మూడు పాయల జడ అల్లినట్టే. ఈ జత కదలికలు ఒకసారి పూర్తయినప్పుడల్లా గీత పొడవు కనీసం 2.618 రెట్లు పెరగక తప్పదు. ఇది స్వర్ణ నిష్పత్తికి వర్గం. ద్రవం ఏదైనా, చిక్కదనం ఎంతైనా సరే, కడ్డీల అల్లికే ఆ సాగుదలని బలవంతంగా రాబడుతుందని 2000లో బోయ్‌లాండ్, ఆరెఫ్, స్ట్రెమ్లర్ చూపించారు. పది సార్లకి 15,000 రెట్లు! అదే రెండు మార్పిడులనూ ఒకే దిశలో చేస్తే జడ రాదు, తాడు పేనినట్టవుతుంది, ఆ బలవంతపు సాగుదల ఉండదు. రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

చివరగా జడ కదలికలను తిరగేసి చేయండి. లెక్క ప్రకారం రంగు వెనక్కి రావాలి, కానీ రాదు. చేతి వణుకులో వచ్చే వెంట్రుకవాసి తప్పు కూడా ప్రతి మడతకీ రెట్టింపై పోతుంది. గొట్టం ప్రయోగంలో అదే తప్పు అంతలోనే ఉండిపోయింది. ఈ తేడాకే కెయాస్ అని పేరు.

ప్రశ్న: ట్యాంకులో "దీవులు" మిగిలిపోతాయంటారు. మా ట్యాంకులో ఉన్నాయో లేవో తెలుసుకునేదెలా?

జవాబు: దీవి అంటే చుట్టూ అంతా కలుస్తున్నా తనలో తానే తిరుగుతూ బయటికి ఏమీ వదలని భాగం. చిక్కటి ద్రవాన్ని మామూలు టర్బైన్‌తో (షాఫ్ట్ చివర రెక్కలున్న చిన్న బ్లేడుతో) తిప్పితే బ్లేడుకి పైన ఒకటి, కింద ఒకటి చేతి గాజు ఆకారంలో సుడులు నిలబడతాయి. గంటల తరబడి అలాగే ఉంటాయి.

పారదర్శకంగా ఉండే నమూనా ద్రవంతో చిన్న గాజు ట్యాంకులో చూడటం తేలిక. ద్రవాన్ని కొంచెం క్షారంగా చేసి ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఆ క్షారాన్ని తటస్థం చేయడానికి కావలసిన దానికంటే ఐదు పది శాతం ఎక్కువ ఆమ్లాన్ని అదే ద్రవంలో కలిపి పైనుంచి పోసి, తిప్పడం మొదలుపెట్టండి. కలిసినచోట రంగు పోతుంది, దీవులు గులాబీ గాజుల్లా మిగులుతాయి. నమూనాకి క్సాంథన్ గమ్ 0.5 శాతం ద్రావణం బాగుంటుంది. జెల్ చేయడానికి వాడే కార్బోపాల్ అనే పాలిమర్ మాత్రం వద్దు, ఆమ్లం తగిలితే అది పల్చబడిపోయి తప్పుడు బొమ్మ చూపిస్తుంది. ఉప్పు తగిలినా అంతే.

దీవిని పగలగొట్టడానికి వేగాన్ని మార్చి మార్చి నడపడం ఒక మార్గం: 30 సెకన్లు ఎక్కువ, 30 సెకన్లు తక్కువ. వేగంతోపాటు సుడుల స్థానం జరుగుతుంది కాబట్టి నిన్నటి దీవి మీదుగా నేటి దారులు పోతాయి. అయితే రెనాల్డ్స్ సంఖ్య పదుల్లో ఉన్నప్పుడే ఈ ఉపాయం పనిచేస్తుంది. ఒకటికి బాగా దిగువన ఉంటే ప్రవాహం ఆకారం వేగంతో మారనే మారదు. మామూలు ద్రవమైనా, పవర్-లా ప్రకారం (షియర్ రేటు ఘాతాన్ని బట్టి) పల్చబడే ద్రవమైనా ఇంతే. అప్పుడు షాఫ్ట్‌ని మధ్య నుంచి పక్కకి జరపడమే మేలు. ట్యాంకు వ్యాసార్ధంలో మూడో వంతు జరిపి చూడండి. ఆ ఒక్క మార్పుకే గాజులు చెదిరిపోవడం కళ్లారా కనిపిస్తుంది. షాఫ్ట్ మీద పక్కవాటు బలం పెరుగుతుంది, బేరింగ్ సరిపోతుందో ముందే చూసుకోవాలి.

ప్రశ్న: మా జెల్‌లో బ్లేడు చుట్టూ మాత్రమే కదలిక ఉంది, బయటంతా బిగుసుకుపోయింది. ఏం చేయాలి?

జవాబు: మీ జెల్‌కి యీల్డ్ స్ట్రెస్ ఉంది, అంటే కనీసం ఇంత ఒత్తిడి పడితేగానీ కదలని గుణం. బ్లేడు నుంచి దూరం పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. అది ఆ కనీసం కంటే పడిపోయిన చోట గీత గీసినట్టు కదలిక ఆగిపోతుంది. లోపల కదిలే భాగాన్ని "గుహ" అంటారు.

గుహ సైజు టార్క్‌తో, అంటే షాఫ్ట్‌ని తిప్పే బలంతో, తేలుతుంది. గుహను గోళంగా అనుకుంటే టార్క్ ఇంత: యీల్డ్ స్ట్రెస్‌ని గుహ వ్యాసం ఘనంతో గుణించి, దాన్ని మళ్లీ 1.23తో గుణించాలి. జెల్ యీల్డ్ స్ట్రెస్ 50 పాస్కల్స్ అయితే అర మీటరు గుహకి సుమారు 8 న్యూటన్-మీటర్లు చాలు, ఒక మీటరు గుహకి 62 కావాలి. వ్యాసం రెట్టింపు చేయాలంటే టార్క్ ఎనిమిది రెట్లు! పవర్ సంఖ్య (బ్లేడు ఎంత పవరు లాగుతుందో చెప్పే అంకె) మారదనుకున్నా దానికి వేగం 2.8 రెట్లు, పవరు 22 రెట్లకు పైగా పెరగాలి. ఆ పవరంతా గుహ లోపలే వేడిగా మారుతుంది. లోపలి జెల్ వేడెక్కి ఇంకా పల్చబడి, బ్లేడు మరీ సులువుగా తిరుగుతుంది, బయట మాత్రం కదలిక ఉండదు. గోడ దగ్గర 10 సెంటీమీటర్ల జెల్ కదలకుండా ఉంటే జాకెట్ నుంచి చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి 5 వాట్లే దాటుతాయి. జాకెట్‌కి దుప్పటి కప్పినట్టే.

కాబట్టి వేగం కాదు, బ్లేడు పెద్దది చేయండి. ట్యాంకు వ్యాసంలో మూడో వంతున్న టర్బైన్ బదులు సగం పైబడినది వాడండి. గుహ ఎత్తు చాలాసార్లు దాని వెడల్పులో సగం కూడా ఉండదు, అందుకని ఒకే షాఫ్ట్ మీద రెండు మూడు బ్లేడ్లు, గుహలు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా ఉండాలి. అన్నిటికంటే నమ్మకమైనది జోడు షాఫ్ట్: నడుమ టర్బైన్ వేగంగా, గోడ వెంట యాంకర్ నిదానంగా. ఇక్కడ యాంకర్ పని కలపడం కాదు, గోడ దగ్గర జెల్‌ని యీల్డ్ కంటే పైన ఉంచడం.

ప్రశ్న: చల్లబరిచేటప్పుడు వేగం పెంచితే ఉష్ణోగ్రత దిగడం ఆగిపోయింది, తర్వాత పెరిగింది కూడా. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ చెడిందనుకున్నాం, చెడలేదు. ఇది సాధ్యమేనా?
(ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్)

జవాబు: థర్మోకపుల్ నిజమే చెప్పింది. చిక్కటి ద్రవంలో తిప్పే పనంతా వేడిగానే మిగులుతుంది. ఒక లెక్క చూడండి. ఒక మీటరు వ్యాసం ట్యాంకు, 0.95 మీటరు హెలికల్ రిబ్బన్, స్నిగ్ధత 50 పాస్కల్-సెకన్లు, 30 ఆర్‌పీఎం. స్నిగ్ధతను, సెకనుకు చుట్ల వర్గాన్ని, వ్యాసం ఘనాన్ని గుణించి, రిబ్బన్ స్థిరాంకం సుమారు 300తో గుణిస్తే పవరు 3.2 కిలోవాట్లు. గోడ వైశాల్యం 3.8 చదరపు మీటర్లు, ఉష్ణ బదిలీ గుణకం (చదరపు మీటరుకి, ఒక డిగ్రీ తేడాకి దాటే వేడి) 100 వాట్లు, జాకెట్‌తో తేడా 20 డిగ్రీలు అయితే బయటికి పోయేది 7.6 కిలోవాట్లు. నికరంగా 4.4 కిలోవాట్లు పోతున్నాయి, ట్యాంకు చల్లబడుతోంది.

ఇప్పుడు 60 ఆర్‌పీఎం చేశారు. స్నిగ్ధత మారని ద్రవమైతే పవరు నాలుగు రెట్లు, 12.9 కిలోవాట్లు. గోడ దగ్గర ఉష్ణ బదిలీ మాత్రం వేగం ఘనమూలంతో పెరుగుతుంది, అంటే 1.26 రెట్లు, 9.6 కిలోవాట్లు. బయటికి పోయేదానికంటే లోపల పుట్టేదే ఎక్కువ! షియర్‌కి పల్చబడే ద్రవంలో ఇంత ఘోరం ఉండదు. పవర్-లా సూచిక (ఆ ఘాతం, 1 అయితే స్నిగ్ధత మారదు) 0.5 అయితే పవరు 2.8 రెట్లే, అయినా పుట్టే వేడి పోయే వేడికంటే వేగంగా పెరుగుతుంది.

30 ఆర్‌పీఎంలోనే ఉంచినా చివర్లో చిక్కే. జాకెట్ నీటికంటే 8.5 డిగ్రీలు పైన ఉండగానే పోయేదీ పుట్టేదీ సమానమై ఉష్ణోగ్రత నిలిచిపోతుంది. 15 ఆర్‌పీఎంకి దించితే పవరు 0.8 కిలోవాట్లకి పడిపోయి, ఆ ఆగే చోటు 2.7 డిగ్రీలకి దిగుతుంది. నిజానికి చల్లబడేకొద్దీ స్నిగ్ధత పెరుగుతుంది గనుక ఈ అంకెలు ఇంకా కఠినంగానే ఉంటాయి. గ్లిజరిన్‌నే చూడండి: 40 డిగ్రీల్లో 0.28 పాస్కల్-సెకన్లు, 20లో 1.4, సున్నాలో 12. అందుకే చల్లబరిచేటప్పుడు వేగాన్ని దశలవారీగా దించుకుంటూ రావాలి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉంటే దాని తెర మీద పవరు కనిపిస్తుంది. ఆ పవరు, జాకెట్ నీటి ప్రవాహం, లోపలికి పోయే, బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రతలు పక్కపక్కన రాసుకుంటే ఎప్పుడు దించాలో మీకే కనిపిస్తుంది.

ఇంకొక పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది: తొందరగా చల్లబడాలని మొదటే జాకెట్‌లో అతి చల్లటి నీరు పంపడం. గోడకి ఆనుకున్న పొర బిగుసుకుపోయి, దుప్పటిలా నిలబడుతుంది. లోపలి పల్చటి ద్రవం దాని మీద జారిపోతుందే తప్ప దాన్ని చీల్చదు. జాకెట్‌ని ట్యాంకు ఉష్ణోగ్రతకి 10–15 డిగ్రీల దిగువన ఉంచి, దానితోపాటే దించుతూ పోండి. మొదట నెమ్మదనిపిస్తుంది, గంట లెక్కలో మీదే గెలుపు.

ప్రశ్న: ప్రవాహాన్ని కెయాటిక్ చేస్తే గోడను గీకే స్క్రేపర్ అక్కర్లేదా?

జవాబు: అక్కర ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. నిశ్చలమైన గోడ దగ్గర ద్రవం వేగం సున్నా. అక్కడి పొర నిదానంగా మాత్రమే నడుమకి వస్తుంది, వస్తూ వస్తూ కలిసిన భాగాన్ని మళ్లీ పాడుచేస్తుంది. ట్యాంకు నడుమ ఎంత అందంగా మడతలు పడుతున్నా మొత్తం వేగాన్ని గోడే నిర్ణయిస్తుందని గూయార్, ఆమె సహచరులు 2007లో ప్రయోగంతో చూపించారు. గోడను కూడా తిప్పితే ఆ అడ్డు తొలగుతుందని తర్వాతి పనిలో తేలింది. వేడి ఎక్కించే గోడకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వేడి పుట్టేచోటే పొర నిలిచిపోతోంది. గుండ్రటి ట్యాంకులో పక్కకి జరిపిన రెండు కడ్డీలు, గోడ వంతులవారీగా తిరిగే అమరికల మీద ఇంత పరిశోధన జరగడానికి కారణం ఇదే.

మామూలు ట్యాంకు గోడను తిప్పలేం కాబట్టి గీకుతాం. యాంకర్‌కి గోడకి మధ్య 5 మిల్లీమీటర్ల సందులో నూనెలాంటి ద్రవం కదలకుండా ఉంటే ఉష్ణ బదిలీ గుణకం 30 వాట్లే. అదే గోడను సెకనుకి ఒకసారి శుభ్రంగా గీకితే, అంటే రెండు స్క్రేపర్లతో 30 ఆర్‌పీఎం, సిద్ధాంతం ప్రకారం 580 దాకా రావాలి. గీకిన పొర వెంటనే నడుమకి పోయి కలవదు, గోడ మీదే మళ్లీ పరుచుకుంటుంది కొంత. కాబట్టి అందులో సగం వచ్చినా మంచి యంత్రమే. వేగం నాలుగు రెట్లు చేస్తే ఈ గుణకం రెట్టింపు మాత్రమే అవుతుంది. గీకే సారులు పెంచాలంటే వేగం కాకుండా స్క్రేపర్ల సంఖ్య పెంచండి. స్ప్రింగు బిగువు తగ్గినా, అంచు అరిగినా మొదట కనిపించేది జాకెట్ వైపు, లోపల కాదు. అదే బ్యాచ్‌కి బయటికొచ్చే నీటి ఉష్ణోగ్రత తేడా తగ్గుతూ వస్తుంటే అంచులు చూడండి.

ప్రశ్న: పైపులో స్టాటిక్ మిక్సర్ (తిరగకుండా ప్రవాహాన్ని చీల్చే ముక్కల వరుస) పెట్టాలి. ఎన్ని ఎలిమెంట్లు?

జవాబు: మీరు కలిపేది వేడా, పదార్థమా అన్నదాన్ని బట్టి. మెలి తిరిగిన రేకుల కెనిక్స్ రకంలో ఒక్కో ఎలిమెంటు ప్రవాహాన్ని రెండుగా చీలుస్తుంది, పొరలు రెట్టింపవుతాయి. 50 మిల్లీమీటర్ల పైపులో ఆరు ఎలిమెంట్లకి 64 పొరలు, ఒక్కోటి 0.8 మిల్లీమీటరు. ఉష్ణోగ్రత సమం కావడానికి ఇది చాలు, ఆరు సెకన్లలో వేడి దాటేస్తుంది. పెద్ద అణువుల పదార్థం మాత్రం వేడికంటే పది వేల రెట్లు నిదానంగా వ్యాపిస్తుంది, దానికి 12 ఎలిమెంట్లు పెట్టి పొరను 12 మైక్రాన్లకి దించాలి. థర్మామీటర్లన్నీ ఒకే అంకె చూపిస్తున్నాయని పదార్థం కలిసిందనుకోకూడదని చెప్పేది ఇందుకే.

ఎడమ మెలి, కుడి మెలి ఒకటి విడిచి ఒకటి ఉండాలి, అంచులు 90 డిగ్రీలు తిరిగి ఉండాలి. శుభ్రం చేశాక అన్నీ ఒకే మెలివి వరసగా ఎక్కిస్తే దీవులు ఏర్పడతాయి, ఎలిమెంట్లు ఎన్ని పెంచినా పోవు. ఒత్తిడి నష్టం ఖాళీ పైపుకి ఆరేడు రెట్లు. 10 పాస్కల్-సెకన్ల ద్రవం గంటకి ఒక ఘనమీటరు పారితే 12 ఎలిమెంట్లకి దాదాపు ఒక బార్ పోతుంది. పల్చటి ద్రవాన్ని చిక్కటి దానిలో కలుపుతుంటే పైన చెప్పిన లెక్క నమ్మవద్దు. పల్చటిది చీలకుండా సందులు వెతుక్కుంటూ జారిపోతుంది. దాన్ని సన్నటి నాజిల్‌తో పైపు నడుమ, మొదటి ఎలిమెంటు అంచుకి ఎదురుగా వదలాలి.

ప్రశ్న: సాగే గుణం ఉన్న పాలిమర్ ద్రావణాలు తమంతట తామే కలుస్తాయంటారు, నిజమా?

జవాబు: కొన్ని పరిస్థితుల్లో నిజం. వంకర దారిలో పారేటప్పుడు సాగిన పాలిమర్ గొలుసులు లోపలికి లాగుతాయి, ఆ లాగుడే ప్రవాహాన్ని అస్థిరం చేస్తుంది. చిక్కటి చక్కెర ద్రావణంలో మిలియనుకి కొన్ని పదుల పాళ్లు పాలిఅక్రిలమైడ్ కలిపితే రెనాల్డ్స్ సంఖ్య అతి తక్కువగా ఉన్నా టర్బులెన్స్‌ని పోలిన కదలిక వస్తుందని గ్రోయిస్‌మన్, స్టైన్‌బెర్గ్ 2000లో చూపించారు. మరుసటి ఏడు వంకర కాలువలో దానితో మిక్సింగ్ కూడా చేసి చూపించారు. తిన్నటి పైపులో ఇది ఆశించవద్దు. ఇదే గుణం వల్ల ద్రావణం షాఫ్ట్ వెంట పైకి పాకుతుంది కూడా. సీలు దాకా రాకుండా పైన ఖాళీ వదలండి. గట్టిగా తిప్పితే పొడవాటి గొలుసులు తెగిపోతాయి, తర్వాత ఆ గుణం తిరిగి రాదు.

ప్రశ్న: పవర్-లా ద్రవంలో కెయాటిక్ ఉష్ణ బదిలీ మీద సిమ్యులేషన్ మొదలుపెట్టాను. జాగ్రత్తలు?
(ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: పల్చబడే ద్రవంలో షియర్ సున్నా అయిన చోట పవర్-లా స్నిగ్ధత అనంతమవుతుంది. పై హద్దు ఒకటి పెట్టండి, ఆ హద్దును పది రెట్లు మార్చి ఫలితం కదలడం లేదని నిర్ధారించుకోండి. మెష్ గడుల (కంప్యూటర్ లెక్క కోసం ద్రవాన్ని విభజించిన ముక్కల) సైజు అతి పలచటి ఉష్ణ రేకు కంటే చిన్నదిగా ఉండాలి. ఉష్ణ వ్యాపన గుణకాన్ని సాగుదల రేటుతో భాగించి వర్గమూలం తీస్తే ఆ రేకు మందం వస్తుంది. సాగుదల సెకనుకి 0.1 అయితే అది ఒక మిల్లీమీటరు. గడులు అంతకంటే పెద్దవైతే కంప్యూటర్ తనంతట తానే వేడిని పులిమేస్తుంది, మీ మిక్సర్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే వహనాన్ని సున్నా చేసి ఒకసారి నడపండి. అప్పుడూ ఉష్ణోగ్రతల వ్యత్యాసం తగ్గుతుంటే ఆ తగ్గుదల మీ మెష్‌ది.

సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూడకండి. ప్రామాణిక విచలనాన్ని లాగ్ స్కేలు మీద కాలంతో గీయండి. సరళరేఖ వస్తే కలయిక ఘాతీయంగా సాగుతోందన్నమాట. చివర్లో వంగి బల్లపరుపైతే దీవి గానీ గోడ గానీ అడ్డుపడుతోంది, ఏదో తెలియడానికి ఒక్కో చుట్టు చివర చుక్కల స్థానాలు గుర్తించి పాయింకేర్ బొమ్మ వేయండి. షియర్‌కి పల్చబడే ద్రవంలో కదలిక కడ్డీల చుట్టూ గుమిగూడి దూరంగా మందగిస్తుంది, అందుకని మామూలు ద్రవానికి బాగున్న మార్పిడి వ్యవధి దీనికి బాగుంటుందని అనుకోవద్దు, మళ్లీ వెతకాలి. వేర్వేరు సూచికలను పోల్చేటప్పుడు ఒకే కాలానికి కాకుండా, ఒకే శక్తి ఖర్చుకి పోల్చండి. టార్క్‌ని ప్రతి మెట్టులోనూ నిల్వ చేసుకుంటే ఆ లెక్క తర్వాత తీయవచ్చు. ముందు నిల్వ చేయకపోతే మొత్తం మళ్లీ నడపాలి.